చింతపండుతో తోమిన రాళ్లు

మా బండల టౌనులో, సర్కారు డిగ్రీ కాలేజీలో మద్దిలేటి అని ఒక పిల్లోడు చదువుతా ఉండేవాడు, వానికి దేన్నైనా పైన ఉండే గుర్తు చూసి పేరు చెప్పేయడమే గాని చేతిలోకి తీసుకొని చూసే ఓపిక ఉండేది కాదు.

ఈ కథ మీకు మీ తాత చెప్పల్ల పిల్లోళ్లా. ఆయప్ప లేడు గాబట్టి నేను చెప్తాండా. మీయమ్మ ఈ ఫోను నా ఒళ్లో పెట్టి, "ఎర్రగా వెలుగుతాండేంతసేపు మాట్లాడుమా, పిల్లోళ్లు వింటారు" అని చెప్పి వంటింట్లోకి పోయింది. వెలుగుతాంది. నాకు చదువు రాదు, మీ తాత మాదిరి గొంతులు మార్చి చెప్పడమూ రాదు. జరిగింది జరిగినట్ల చెప్తా.

మీ తాత దస్తగిరి ఆ కాలేజీలో అటెండరు. ఆయప్పకు అప్పజెప్పింది రాళ్ల గది. జియాలజీ అంటారు దాన్ని. నేను చానా ఏండ్లు జువాలజీ అనుకున్నా. "కప్పలు కోసే గది నుంచి వచ్చినావు, చేతులు బాగా కడుక్కొని అన్నానికి కూర్చో" అని రోజూ పోరుతా ఉంటి. "కప్పలు గాదే పిచ్చిదానా, రాళ్లు" అని నవ్వేవాడు. భూమి లోపల ఏముండాదో, ఏ రాయి ఎట్ల పుట్టిందో చెప్పే చదువంట అది. మూడేండ్లు ఈడ చదివితే, ఆ పైన తిరుపతికి పోయి పెద్ద యూనివర్సిటీలో చదువుకోవచ్చు.

మా ఊర్లో ఈ చదువంటే నవ్వేవాళ్లు. ఎందుకంటే మాది బండల ఊరు గదా. ఏ ఇంట్లో చూసినా ఒకరు గనిలో నాపరాయి కొట్టేవాళ్లో, ఫ్యాక్టరీలో బండలకు పాలీషు పట్టేవాళ్లో ఉంటారు.

"రాళ్లకు కాలేజీ ఏందిరా? సుత్తి తీసుకొని రా, నేను నేర్పిస్తా" అని టీ అంగడి కాడ మద్దిలేటిని ఎగతాళి చేసేవాళ్లు.

వాడు కోపం తెచ్చుకునేవాడు కాదు. "మామా, నువ్వు కొట్టు. నువ్వు కొట్టిందేందో నేను చెప్తా" అనేవాడు. నోరు మంచిది వానిది.

వాళ్లమ్మ సుంకులమ్మ పాలీషు ఫ్యాక్టరీలో పని చేసేది. మొగుడు లేడు, ఒక్కడే కొడుకు. పొద్దస్తమానం నీళ్లల్లో పని, ఆయమ్మ చేతులు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉండేవి. "నా కొడుకు తిరుపతి యూనివర్సిటీకి పోతాడు" అని మిషన్ల సప్పుడులో గూడా అందరికీ వినపడేట్ల అరిచి చెప్పేది. ఊరికే చెప్పడం గాదు. తిరుపతి సీటు కోసం పెట్టే పరీక్ష వాడు రాసినాడు, ర్యాంకు వచ్చింది, సీటు ఇస్తామన్నారు. ఇంక ఒకటే మిగిలింది. ఈడ ఆఖరి సంవత్సరం పెట్టే రాళ్ల ప్రాక్టికల్ పాస్ కావల్ల. అది తప్పితే సీటు ఇంకొకరికి పోతాది.

ఆ ప్రాక్టికల్ అంటే ఎవరికీ దిగులే లేదు. మద్దిలేటికి రాళ్లన్నీ తెలుసని కాలేజీ మొత్తం పేరు.

ఎట్ల తెలుసో చెప్తా వినండి. ఆ గదిలో రాళ్లు ఒక్క సెట్టే ఉండేది. చెక్క పెట్టెలో గూళ్లు, గూటికొక రాయి, రాయికొక చీటీ, చీటీ మీద నంబరు. కొన్నిటి మీద రంగు బొట్టు. ముందు చదివిపోయిన పిల్లోళ్లు ఇంకు కార్చిన మరకలు, పట్టిన జిడ్డు, అన్నీ ఉండేవి. మద్దిలేటి గడప కాడ నిలబడి, చేతులు జేబుల్లో పెట్టుకొని, గడగడా చెప్పేవాడు. ఇంకు మరకది హేమటైటు. ఎర్ర బొట్టుది మాగ్నటైటు. మూలన కూర్చున్నది బాక్సైటు. అన్నీ ఆ టైట్లే, నాకు నోరు తిరగవు, మీ తాతకు మాత్రం అన్ని పేర్లూ నోటికొచ్చు. ఏది ఏ రాయో మాత్రం తెలీదు.

పాఠం చెప్పే మేడం పేరు షమీమ్. మెల్లగా మాట్లాడేది.

"రాయిని చేతిలోకి తీసుకో మద్దిలేటీ. బరువు చూడు. గోరుతో గీకు, కత్తితో గీకు. ఆ పింగాణీ బిళ్ల మీద రుద్దితే గీత ఏ రంగు వస్తాందో చూడు."

"ఎందుకు మేడం? పేరు చెప్పేసినా గదా. తప్పుంటే చెప్పండి."

తప్పు ఉండేది కాదు. మేడం ఏం చెప్తాది? పక్క పిల్లోళ్లు మాత్రం ఒక్కొక్క రాయినీ గీకుతా, ఆసిడ్ చుక్క వేసి నురుగు వస్తాదా రాదా అని వంగి చూస్తా తిప్పలు పడేవాళ్లు. వీడు వాళ్ల వెనకాల నిలబడి, "ఎందుకురా దాన్ని అట్ల చంపుతారు? దాని పేరు కాల్సైటు, వదిలిపెట్టండి" అని నవ్వేవాడు.

పరీక్షకు ముందు దినం అసలు కథ జరిగింది.

ప్రాక్టికల్ పెట్టడానికి బయట నుంచి పెద్ద సారు వస్తాండాడని మీ తాతకు తెలిసింది. ఎవరన్నా ఆఫీసరు వస్తాడంటే మన కాలేజీల్లో ఏం చేస్తారు? సున్నం కొడతారు, జెండా కట్టెకు రంగేస్తారు, పూలకుండీలు వరసగా పెడతారు. మీ తాత రాళ్ల గది ఊడ్చినాడు, కిటికీలు తుడిచినాడు. ఆ పైన రాళ్ల పెట్టె కనపడింది. దుమ్ము, జిడ్డు, మరకలు. ఆయప్ప మనసు ఒప్పలేదు.

మధ్యాన్నం ఇంటికొచ్చి, "చింతపండు ఉండాదా? పిడికెడంత ఇయ్యి" అని అడిగినాడు.

"కాలేజీలో పులుసు పెడతాండారా?" అంటి.

"పెద్ద సారొస్తాండాడు. రాళ్లు తోమల్ల."

"రాళ్లు తోమేదేంది?"

"ఇత్తడి చెంబులు తోమవా నువ్వు? ఇదీ అంతే" అన్నాడు.

కొబ్బరి పీచు, చింతపండు, పొయ్యిలో బూడిద తీసుకొని పోయినాడు. కాలేజీ కొళాయి కాడ గంగాళం పెట్టి, రాళ్లన్నీ దాంట్లో వేసి నానబెట్టినాడు. పని చేసేటప్పుడు ఆయప్పకు లోపల్లోపల ఏదో కూనిరాగం ఉండేది, మాటలుండవు దానికి, ఊఁ ఊఁ అని...

ఉండండి. నీళ్లు తాగుతా.

ఆ. ఒక తెల్లరాయికి చింతపండు పూస్తే బుసబుసమని నురుగు వచ్చిందంట. మురికి బాగా పోతాందిలే అనుకొని దాన్ని ఇంకా గట్టిగా తోమినాడు. చీటీలన్నీ ఊడిపోయి గంగాళంలో చేపపిల్లల మాదిరి తేలినాయి. వాటిని దోసిలితో తీసి పారబోసినాడు. బొట్లు పోయినాయి, ఇంకు పోయింది, జిడ్డు పోయింది. రాళ్లు మెరిసినాయి. వాటిని ఆరబెట్టి, పెట్టెలో ఎర్రగుడ్డ పరిచి, ముచ్చటగా సర్దినాడు. తెల్లవి ఒక పక్క, నల్లవి ఒక పక్క, పెద్దవి వెనక, చిన్నవి ముందర. పెండ్లిలో సారె పళ్లాలు పెట్టినట్ల. ఒక గూడు మాత్రం ఖాళీగా మిగిలింది. రాయి ఎక్కడో కింద పడింటాదిలే అని ఆ గూట్లో ఒక గులకరాయి పెట్టి ఇంటికొచ్చినాడు. ఆ దినం ఆయప్ప మొగంలో కళ చూడల్ల మీరు.

మరుసటి దినం పొద్దున షమీమ్ మేడం తలుపు తీసి పెట్టె చూసింది. చూసి, కుర్చీలో కూర్చుండిపోయింది.

"దస్తగిరీ! ఏం చేసినావు?"

"కడిగినా మేడం. బాగుండాయి గదా?"

"చీటీలేవి?"

"మురికి చీటీలు మేడం. పారేసినా. మీరు కొత్తవి రాసుకోవచ్చులే అని."

మేడం ఒక్కొక్క రాయీ చూసుకుంటా పోయి, గులకరాయి కాడ ఆగింది. "ఇది మనది గాదు. ఉప్పు రాయి ఒకటి ఉండల్ల. అదేది?"

"ఉప్పు రాయి అంటే... ఉప్పా మేడం?"

"ఉప్పే."

మీ తాత గంగాళం పక్క చూసినాడంట. ఆ నీళ్లు సాయంత్రమే మల్లెచెట్టుకు పోసినాడు. మేడం ఆ చూపు చూసింది. కోప్పడబోయి, నవ్వు ఆపుకోలేక, పైట నోటికి అడ్డం పెట్టుకుందంట. ఆ మల్లెచెట్టు ఆ ఏడు పూయలేదు, పాపం.

మేడానికి ఏం ఇబ్బంది కాలేదు. ఒక్కొక్క రాయి చేతికి తీసుకుంది, ఎత్తి చూసింది, ఏదన్నా అనుమానం వస్తే గీకి చూసింది, కాగితం మీద తన మటుకు తాను రాసుకుంది. పరీక్షకు కొత్త నంబర్లు వేసింది. టీ చల్లారే లోపల పని అయిపోయింది.

అప్పుడు మద్దిలేటి వచ్చినాడు. గడప కాడ నిలబడినాడు, అలవాటు ప్రకారం చేతులు జేబుల్లో పెట్టుకొని. పెట్టెకేసి చూసినాడు. చేతులు బయటికి వచ్చినాయి.

"మేడం, మన రాళ్లేవి?"

"ఇవే."

"ఇవి గాదు మేడం. మనవి వేరే ఉండె."

"కడిగినాడు దస్తగిరి. అవే రాళ్లు. చెయ్యి పెట్టి చూడు."

వాడు పరీక్ష ఇంకో దినానికి మార్చమని అడిగినాడు. సారు అప్పటికే బస్సు దిగి ప్రిన్సిపాల్ గదిలో టీ తాగుతాండాడు, ఎట్ల మారుస్తారు? మేడం ఎంత చెప్పినా వాడు రాయిని ముట్టుకోలేదు. బయటికొచ్చి, వరండాలో మీ తాతను పట్టుకున్నాడు.

"మామా, నువ్వు చేసిందానికి నువ్వే సాయం చెయ్యి. లోపలికి పోయి, రాళ్ల మీద గుర్తుగా సుద్దముక్కతో చిన్న చుక్కలు పెట్టు. హేమటైటుకు ఒకటి, మాగ్నటైటుకు రెండు..."

"ఏది హేమటైటు అబ్బీ?"

"నీకు తెలీదా? ఇన్నేండ్లుగా తుడుస్తాండావు గదా?"

"తెలిసింటే కలిపి కడిగేవాణ్ణా నాయినా? నువ్వు చూపించు, ఇప్పుడే పెడతా."

మద్దిలేటి ఏది చూపిస్తాడు? చూపించడానికి వానికీ తెలీదు గదా. ఆ కోపమంతా మీ తాత మీదికి తిరిగింది. "నువ్వూ నీ చింతపండూ! నా నోట్లో మన్ను కొట్టినావు. నా సీటు పోతే నీదే పాపం" అని అందరూ వినేట్ల అరిచినాడు. మీ తాత తల వంచుకొని నిలబడినాడు. ఎవరితోనూ ఒక మాట పడినోడు గాదు ఆయప్ప.

పరీక్ష మొదలైంది. వచ్చిన సారు పేరు భూషణం, తిరుపతి యూనివర్సిటీలోనే పాఠాలు చెప్తాడంట. తెల్ల మీసాలు, పెద్ద కండ్లద్దాలు. మిగతా పిల్లోళ్లు కొంచెం తప్పూ కొంచెం ఒప్పూ, గీకి, రుద్ది, చుక్కలేసి, ఎట్లనో గట్టెక్కినారు. మద్దిలేటి వంతు వచ్చింది. మీ తాత ఒక మూలన నీళ్ల కూజా పట్టుకొని నిలబడి అంతా చూసినాడు.

సారు ఒక తెల్లరాయి ముందర పెట్టినాడు. "ఏంది ఇది?"

"కాల్సైటు సార్."

"గీకి చూసినావా?"

"లేదు సార్."

సారు కత్తితో గీకి చూపించినాడు. గీత పడలేదు. "కాల్సైటు అయితే గీత పడల్ల. ఇది పలుగురాయి." ఇంకొకటి పెట్టినాడు. "ఇది?"

"జిప్సం సార్."

"ఎత్తు."

మద్దిలేటి ఎత్తినాడు. ఎత్తబోతే ఇనుపముద్ద మాదిరి చెయ్యి కిందికి లాగింది. అంత బరువుంటాదని అనుకోలేదు వాడు.

"జిప్సం ఇంత బరువుంటాదా నాయినా? ఇది ముగ్గురాయి, పుస్తకాల్లో బెరైటు అంటారు. మీ పక్క జిల్లాలో గనులే ఉండాయి."

ఇంకో రెండు పెట్టినాడు. అవీ తప్పే. మేడం కిటికీలో నుంచి బయటికి చూస్తాంది. సారు చెడ్డోడు గాదు పిల్లోళ్లా. ఈ పిల్లోనికి ర్యాంకు వచ్చిందని, వాళ్లమ్మ కూలి చేసి చదివిస్తాందని మేడం ముందే చెప్పింది. ఎట్లన్నా ఒక్కటి చెప్పిద్దామని చూసినాడు. పెట్టె మూసేసి, కాలితో నేల మీద తట్టినాడు.

"పోనీ, ఇది చెప్పు. నువ్వు నిలబడింది ఏ రాయి మీద?"

మద్దిలేటి కిందికి చూసినాడు. "ఇది రాయి గాదు సార్. బండ."

"బండ అంటే?"

"బండ అంటే బండే సార్. ఇండ్లకు పరుస్తారు గదా."

గదిలో ఎవరూ నవ్వలేదు. మా ఊర్లో పుట్టిన వాళ్లెవరైనా ఆ మాటే అంటారు. రాయి అంటే కాలికి తగిలేది, బండ అంటే కాలు పెట్టేది. ఆ బండే సున్నపురాయని, పెట్టెలో పసుపు బొట్టు పెట్టుకొని కూర్చున్న లైమ్‌స్టోనూ, వాళ్లమ్మ దినమంతా పాలీషు పట్టేదీ ఒకటేనని, పుస్తకంలో దాని గురించి రెండు పేజీలు గడగడా ఒప్పజెప్పిన పిల్లోనికి ఆ మూడేండ్లలో ఒక్కసారి గూడా తోచలేదు.

సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిన్ను ఫెయిల్ చేయాలని నాకు లేదు నాయినా. పాస్ చేస్తే రేపు ఎవరో నీ మాట నమ్మి గని తవ్వుతారు, బావి తవ్వుతారు. వాళ్ల గతేంది?" అన్నాడు.

మద్దిలేటి ఫెయిలైనాడు. తిరుపతి సీటు ఇంకొకరికి పోయింది.

ఆ సాయంత్రం మీ తాత అన్నం తినలేదు. "నా వల్లే పిల్లోని బతుకు పాడైపోయింది" అని ఒకటే మాట. నేనే లేపి, సుంకులమ్మ ఇంటికి తీసుకపోయినా. ఆయమ్మ అప్పుడే పని నుంచి వచ్చి, చేతులు తుడుచుకుంటా గడపలో కూర్చోనుండె. మద్దిలేటి లోపల గోడ పక్క తిరిగి పండుకోనుండాడు.

"అమ్మా, నాది తప్పు. పిల్లోని రాళ్లు కడిగేసినా" అన్నాడు మీ తాత.

సుంకులమ్మ మమ్మల్ని కూర్చోమనింది. పొయ్యి మీద టీ పెట్టింది. ఆ పైన లోపలికి వినపడేట్లే అనింది:

"దస్తగిరన్నా, నువ్వు రాళ్లు కడిగినావు. వాని తలకాయ కడగలేదు గదా. లోపల ఉండింటే నీ చింతపండుకు పోతాదా? బండల్లో పుట్టినాడు, బండల మీద పెరిగినాడు, బండంటే ఏందో చెప్పలేకపాయె. దానికి నువ్వేం చేస్తావు?"

మేము టీ తాగి వచ్చేసినాం.

తెల్లారినాక మద్దిలేటి మా ఇంటికి వచ్చినాడు. లోపలికి రమ్మంటే రాడు. గడప బయటే నిలబడి, "మామా, నిన్న నోటికొచ్చినట్ల మాట్లాడినా. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు.

"పెట్టుకోలేదులే గాని," అన్నాడు మీ తాత, "నువ్వు ఇంక కాలేజీకి వస్తావా రావా? నేను ఒక్కణ్ణే ఆ మెరిసే రాళ్లు చూసుకుంటా కూర్చోవాల్నా?"

వాడు నవ్వలేదు గాని, కాలేజీకి మాత్రం వచ్చినాడు. కొన్ని నెలలకు మళ్లీ ప్రాక్టికల్ పెడతారని మేడం చెప్పింది. "అయితే ఒక మాట," అనింది. "నేను సరేననే దాకా నా ముందర ఏ రాయి పేరూ చెప్పొద్దు."

"పేరు చెప్పకుండా ఏం చెప్పేది మేడం?"

"చేతిలో ఏముండాదో అది చెప్పు."

మేడం రాళ్లన్నీ ఒక గోనెసంచిలో వేసింది. మద్దిలేటి చూడకుండా చెయ్యి పెట్టి ఒకటి పట్టుకోవల్ల. "బరువు మేడం. చల్లగా ఉండాది. అంచులు పలకలు పలకలుగా ఉండాయి." బయటికి తీసి గోరుతో గీకేవాడు, రాగి బిళ్లతో గీకేవాడు, కత్తితో గీకేవాడు. పింగాణీ బిళ్ల మీద రుద్దేవాడు. నోటి దాకా పేరు వచ్చేది, మింగేవాడు. మొదట్లో వానికి ఏడుపొచ్చేదంట. గడపలో నిలబడి అన్నీ గడగడా చెప్పినోడు, ఒక రాయి కాడ అరపూట కూర్చుంటాండె. ముందు తాను నవ్విన మాదిరి ఎవరన్నా వెనకాల నిలబడి నవ్వితే ఎట్లుంటాదో అప్పుడు తెలిసింది వానికి.

పోను పోను చెయ్యి దారిన పడింది. రోడ్డు పక్క కంకర, కాలువ గట్టున గులకలు, ఏది కనపడినా వంగి తీసేవాడు. టీ అంగడి కాడ వాళ్లకు ఇంకా సరదా. "ఏంరా, ఇప్పుడు ఏరుకునే పనిలో చేరినావా?" అంటే, "అవును మామా, దీంట్లో లాభముండాది" అనేవాడు.

ఒకసారి ఫ్యాక్టరీ వెనకాల పారేసిన బండ ముక్క ఇంటికి తెచ్చి, అంచు కడిగి చూసినాడు. దోసెలు పేర్చినట్ల పొర మీద పొర. ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసా నురుగు. మేడాన్ని అడిగి వచ్చి, సుంకులమ్మకు చెప్పినాడు.

"అమ్మా, ఎప్పుడో మనుషులే లేని కాలంలో ఈడ సముద్రం ఉండెనంట. దాని అడుగున పేరుకున్న బురదే గట్టిపడి ఈ బండ అయింది. మనం సముద్రం అడుగున చాప పరుచుకొని పండుకుంటాండాం."

సుంకులమ్మ నేల మీద అరచెయ్యి పెట్టి చూసింది. "అందుకేనేమో ఎండాకాలం గూడా చల్లగుంటాది" అనింది. ఆ మాట ఫ్యాక్టరీలో అందరికీ చెప్పిందంట, ముందు మాదిరే మిషన్ల సప్పుడులో అరిచి.

మళ్లీ పరీక్ష దినం వచ్చింది. మళ్లీ ఆ భూషణం సారే వచ్చినాడు. మీ తాత ఈసారి గది ఊడ్చినాడు గాని పెట్టె జోలికి పోలేదు.

సారు రాళ్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినాడు. మద్దిలేటి ఒక్కటీ ఊరికే చెప్పలేదు. ఎత్తినాడు, గీకినాడు, రుద్దినాడు, ఆ పైన చెప్పినాడు. అన్నీ సరిపోయినాయి. సారు మేడం పక్క చూసి, తన సంచిలో నుంచి ఒక నల్లరాయి తీసి పెట్టినాడు. అది ఆ కాలేజీ పెట్టెలో ఎప్పుడూ లేని రాయి.

"ఇది?"

మద్దిలేటి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇటు తిప్పినాడు, అటు తిప్పినాడు. అందరూ చూస్తాండారు. వాని తిరుపతి చదువు, వాళ్లమ్మ నానిన చేతులు, అన్నీ ఆ రాయి మీదే ఉండాయి ఆ నిముషంలో. ముందటి మద్దిలేటి అయితే ఏదో ఒక టైటు అనేసి ఉంటాడు.

"సార్, దీని పేరు నాకు తెలీదు" అన్నాడు.

మీ తాత మూలన నుంచి ఒక అడుగు ముందుకొచ్చినాడంట.

"పేరు తెలీదా? అయితే ఏం తెలుసు?"

"చూస్తే ఇనుపరాయి మాదిరే ఉండాది సార్, అంత బరువూ ఉండాది. హేమటైటు అనుకుందామంటే పింగాణీ బిళ్ల మీద ఎర్ర గీత రావల్ల. దీని గీత బెల్లం రంగులో వస్తాంది. మాగ్నటైటు అనుకుందామంటే అయస్కాంతాన్ని లాగల్ల, ఇది లాగడం లేదు. కత్తికి గూడా సులభంగా లొంగడం లేదు. కాబట్టి ఆ రెండూ గాదు. నేను ఇంతవరకు పట్టుకోని రాయి ఇది. పేరు మాత్రం చెప్పలేను సార్."

సారు రాయి తీసుకొని మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

"పోయినసారి నీకు పేర్లన్నీ తెలుసు, ఒక్క రాయీ తెలీదు. ఈసారి రాయి తెలుసు, పేరు ఒక్కటే తెలీదు. పేరు చెప్పడానికి మేము ఉండాం గదా నాయినా. తిరుపతికి రా, ఆడ చెప్తా" అన్నాడు.

మద్దిలేటి పాసైనాడు. తిరుపతి సీటు కోసం పరీక్ష మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది, ఒక ఏడు వెనక పడినాడు, వాని కంటే తక్కువ ర్యాంకు వచ్చినోళ్లు వానికి ముందే పోయినారు. అయినా పోయినాడు. యూనివర్సిటీలో చేరిన మొదటి దినం సారు గదికి పోయి, ఆ నల్లరాయిని మళ్లీ చేతిలో పెట్టించుకొని, అప్పుడు దాని పేరు అడిగినాడంట. క్రోమైటు. అదీ ఒక టైటే, చూడండి.

పిల్లోళ్లా, పైనుండే గుర్తులు నేర్చుకొని పేరు చెప్పడం చదువు గాదు, గుర్తులన్నీ చెరిగిపోయినా వస్తువును దానికదిగా తెలుసుకోవడమే చదువు, అట్ల తెలుసుకున్నోడు తెలీనిదాన్ని తెలీదని చెప్పడానికి గూడా భయపడడు.